కంఠసర్పి విషాన్ని పట్టే పళ్లెం: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల వైద్య, ఆరోగ్య శాఖ మంత్రులకు,



కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, తాతలనాటి జబ్బని, టీకాలొచ్చాక అది పోయిందని చాలామంది అనుకుంటారు. పోలేదు. 2018లో మన దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదించిన డిఫ్తీరియా కేసులు 8,788. ఆ ఏడాది ప్రపంచమంతటా నమోదైన కేసుల్లో సగానికి పైగా ఇవే. మరుసటి ఏడాది మన లెక్క 9,622కు చేరింది. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి, జనం నోట కోరంటి ఆసుపత్రికి, ఈ జబ్బు ఏనాడూ పరాయిది కాలేదు. గొంతులో పొర కట్టిన పిల్లల్ని ఊళ్ల నుంచి అక్కడికి తీసుకురావడం ఏళ్ల తరబడి సాగుతున్నదే.

టీకాల సంగతి మీ శాఖలకు వేరే చెప్పనక్కర్లేదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, ఏడాదిన్నర ప్రాంతంలో ఒక బూస్టర్, అయిదారేళ్లకు మరొకటి, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ. పట్టిక బాగానే ఉంది. కానీ పసితనంలో వేసిన సూదుల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆ బలాన్ని నిలబెట్టాల్సిన బూస్టర్లు ఎందరికో అందవు. అందుకే ఒకప్పుడు అయిదేళ్లలోపు పిల్లల జబ్బుగా పేరుపడ్డది ఇప్పుడు బడి పిల్లల్లో, పెద్దవాళ్లలో కూడా కనబడుతోంది. ఈ లేఖ మాత్రం టీకా తప్పి జబ్బు వచ్చిన తర్వాతి అడుగు గురించి. రోగి గొంతులోంచి తీసిన బాక్టీరియా విషం చేసేదా కాదా అని తేల్చే చవకైన పరీక్ష ఒకటుంది. దాని పేరు ఎలెక్ పరీక్ష. అది పుట్టి డెబ్బై అయిదేళ్లు దాటింది.

కంఠసర్పిలో ప్రాణం తీసేది గొంతులో కూర్చున్న బాక్టీరియా చేసే విషం. బాక్టీరియా గొంతు దాటి పెద్దగా లోపలికి పోదు. విషం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కణంలోకి దూరాక ప్రొటీన్ల తయారీనే ఆపేస్తుంది. ఒక కణం చావడానికి ఒక్క విషపు అణువు లోపలికి చేరినా చాలని ప్రయోగాల్లో తేలింది. మొదట గొంతులో బూడిదరంగు పొర కనబడుతుంది. లాగితే రాదు, రక్తం కారుతుంది. మెడ ఎద్దు మెడలా వాస్తుంది. పొర పోయి, జ్వరం తగ్గి, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్న రోజుల్లోనే గుండె కండరం దెబ్బతినొచ్చు. ఇంకొన్నాళ్లకు పిల్ల తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికొస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. అంగిట్లో నరాలు చచ్చుబడ్డాయని దానర్థం. ఇదంతా విషం చేసే పనే.

అయితే ఈ జాతి బాక్టీరియా అంతా విషం చేయదు. 1951లో అమెరికాలోని సియాటిల్‌లో విక్టర్ ఫ్రీమన్ ఒక విచిత్రం గమనించాడు. విషం చేయని కంఠసర్పి బాక్టీరియాకు ఒక రకం వైరస్, అంటే బాక్టీరియోఫేజ్, సోకితే అది విషం చేయడం మొదలుపెట్టింది. విషానికి సంబంధించిన జన్యువును మోసుకొచ్చేది ఆ వైరసే. అది పట్టిన బాక్టీరియా ప్రమాదకరం; పట్టనిది గొంతులో ఉన్నా చాలాసార్లు నిరపాయంగానే ఉంటుంది. మైక్రోస్కోపు కింద రెండింటికీ తేడా లేదు. ఆల్బర్ట్ స్టెయిన్ అనే రంగు వేస్తే ఆకుపచ్చటి కడ్డీలు, వాటి కొసల్లో నల్లటి నీలి గింజలు ముచ్చటగా కనబడతాయి. కానీ ఆరోగ్యవంతుల గొంతులో మామూలుగా ఉండే డిఫ్తీరాయిడ్లు అనే బాక్టీరియా కూడా కొన్నిసార్లు అచ్చం అలాగే కనబడి కళ్లు కప్పుతాయి. ఒక్క స్మియర్ చూసి జబ్బు ఉందనో లేదనో తేల్చడం ఎంత అనుభవజ్ఞుడికైనా చిక్కే.

విషం సంగతి మొదట బయటపెట్టినవాళ్లు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్. 1888లో వాళ్లు కంఠసర్పి బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని పింగాణీ ఫిల్టరులో వడగట్టారు. ఒక్క బాక్టీరియా కూడా లేని ఆ ద్రవం ఎక్కిస్తే జంతువులు అవే లక్షణాలతో చచ్చిపోయాయి. రెండేళ్లకు బెర్లిన్‌లో బేరింగ్, కితసాటో ఆ విషానికి విరుగుడు సీరం కనిపెట్టారు. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బేరింగ్‌కు వచ్చింది ఈ పనికే. కానీ ఒక రోగి గొంతులోని బాక్టీరియా విషం చేసేదా కాదా అని తెలుసుకోవాలంటే మాత్రం చాలా ఏళ్లపాటు గినీ పందులే దిక్కయ్యాయి. రెండు జంతువులు కావాలి. ఒకదానికి ముందుగా విరుగుడు ఇచ్చి, తర్వాత రెండింటికీ బాక్టీరియా ఎక్కించేవారు. విరుగుడు లేనిది చచ్చి, ఉన్నది బతికితే విషం ఉన్నట్టు. జంతువుల్ని సాకే గది, మేత, రోజుల తరబడి ఎదురుచూపు అన్నీ కావాలి. చిన్న ల్యాబ్‌కు అయ్యే పని కాదు.

1948లో లండన్‌లో స్టీఫెన్ ఎలెక్ ఈ బాధ తప్పించాడు. విరుగుడు సీరంలో తడిపిన కాగితపు పట్టీని, బాక్టీరియా పెరిగే జెల్లీ అయిన అగార్‌లో పెట్టి, దానికి అడ్డంగా బాక్టీరియాను గీతలా గీశాడు. పట్టీ నుంచి విరుగుడు, బాక్టీరియా గీత నుంచి విషం, రెండూ అగార్‌లో మెల్లగా పాకుతాయి. రెండూ సరైన పాళ్లలో కలిసినచోట తెల్లటి గీత ఏర్పడుతుంది. బాక్టీరియా విషం చేయకపోతే అక్కడ ఏమీ ఉండదు. గినీ పంది అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

ఇప్పుడు వాడేది దీనికే మెరుగుపెట్టిన రూపం. పెద్ద ప్లేటు బదులు చిన్న పెట్రీ ప్లేటు. అందులో మూడు మిల్లీలీటర్ల అగార్, కొంచెం సీరం. నడుమ ఒక చిన్న గుండ్రటి కాగితపు బిళ్ల, దాని మీద పది యూనిట్ల యాంటీటాక్సిన్, అంటే విరుగుడు సీరం. బిళ్ల చుట్టూ, నడిబొడ్డు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల దూరంలో, బాక్టీరియాను చుక్కలుగా పెడతారు. వాటిలో కొన్ని రోగులవి. కొన్ని ముందే స్వభావం తెలిసినవి: గట్టిగా విషం చేసేదొకటి, బలహీనంగా చేసేదొకటి, అసలు చేయనిదొకటి. ప్లేటును 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి మర్నాడు తీసి, వెనక నల్లటి అట్ట పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా వంచి చూడాలి. బిళ్లకూ చుక్కకూ మధ్య దారప్పోగంత సన్నటి తెల్లగీత వంపు తిరిగి ఉంటుంది. పక్కనున్న, విషం చేస్తుందని తెలిసిన చుక్క తాలూకు గీతతో అది తెగకుండా కలిసిపోతేనే అది కంఠసర్పి విషం. రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుని పోతే అది వేరే ప్రొటీన్ ఏదో. ఈ తేడా కనిపెట్టడానికి కావలసింది పట్టి పట్టి చూసిన కన్ను. దానికి శిక్షణ కావాలి.

పరీక్ష చవకే కానీ నిర్లక్ష్యాన్ని ఓర్చుకోదు. కంఠసర్పి బాక్టీరియా తన చుట్టూ ఇనుము తక్కువైనప్పుడే విషం బాగా చేస్తుంది. బాక్టీరియాను పెంచే మీడియంలో ఇనుము ఎక్కువైతే విషం చేసే బాక్టీరియా కూడా మౌనంగా ఉండిపోవచ్చు. అందులో పోషకంగా వేసే పెప్టోన్ ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. ప్లేటును మరీ ఆలస్యంగా చూస్తే అక్కర్లేని గీతలు కూడా పుట్టుకొస్తాయి. స్వభావం తెలిసిన ఆ మూడు కంట్రోల్ చుక్కలు ప్రతి ప్లేటులోనూ ఉండాలనేది ఇందుకే. అవి చెప్పాల్సింది చెప్పకపోతే ఆ రోజు ప్లేటు పారేసి మళ్లీ చేయాలి.

పీసీఆర్ ఉండగా ఈ పాత పరీక్ష ఎందుకని మీ సలహాదారులు అడగొచ్చు. కోవిడ్ రోజుల్లో జిల్లా జిల్లాకూ వచ్చిన పీసీఆర్ యంత్రాలు నిజంగా గొప్ప ఆస్తి. కంఠసర్పి విషపు జన్యువు ఉందో లేదో కొన్ని గంటల్లో చెబుతాయి. లేదని తేలితే సందేహం చాలావరకు తీరినట్టే. ఉందని తేలినప్పుడే చిక్కు. జన్యువు ఉండి కూడా ఏదో లోపం వల్ల విషం చేయలేని బాక్టీరియా రకాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు చాలాచోట్ల గుర్తించారు. జన్యువు ఉండటం వేరు, విషం చేయడం వేరు. ఆ తేడా చెప్పగలిగేది ఎలెక్ ప్లేటే. అందుకే పీసీఆర్ వచ్చాక కూడా ప్రపంచమంతటా రిఫరెన్స్ ల్యాబ్‌లు దీన్ని వదులుకోలేదు. ఇంకో మేలు కూడా ఉంది. పశువుల నుంచి, కుక్కలూ పిల్లుల నుంచి మనుషులకు వచ్చే అల్సరాన్స్ అనే దగ్గరి జాతి బాక్టీరియా కూడా ఇదే విషం చేయగలదు. ప్లేటు దాన్నీ పట్టిస్తుంది.

వైద్యులు అడిగే ప్రశ్న ఇంకొకటి, ఎక్కువ బరువైనది. కంఠసర్పి అనుమానం రాగానే ఫలితం కోసం ఆగకుండా యాంటీటాక్సిన్ ఇవ్వాలి గదా, మూడు నాలుగు రోజులకు వచ్చే జవాబు దేనికి? మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. యాంటీటాక్సిన్ రక్తంలో తిరుగుతున్న విషాన్నే కట్టడి చేస్తుంది, కణంలోకి దూరినదాన్ని బయటికి లాగలేదు. కాబట్టి ఏ ల్యాబ్ కోసమూ ఏ డాక్టరూ గంట కూడా ఆగకూడదు. ల్యాబ్ జవాబు ఆ పిల్ల చుట్టూ ఉన్నవాళ్లకు కావాలి. ఇంట్లో అమ్మమ్మ, అదే బెంచీ మీద కూర్చునే స్నేహితురాలు, హాస్టల్ గదిలో తోటివాళ్లు: వీళ్లలో ఎవరి గొంతులో బాక్టీరియా ఉంది, అది విషం చేసేదేనా, ఎవరికి ఎరిత్రోమైసిన్ ఇవ్వాలి, ఏ ఊళ్లో బూస్టర్ శిబిరం ముందు పెట్టాలి అన్నవి దాన్నిబట్టి తేలతాయి. కోలుకున్న రోగి గొంతు శుభ్రపడిందని చెప్పాలంటే 24 గంటల తేడాతో తీసిన రెండు స్వాబులూ కల్చర్‌లో నెగెటివ్ రావాలి. ల్యాబ్ లేనిచోట ఈ పనులన్నీ ఊహ మీద నడుస్తాయి.

కంఠసర్పి పోయిందని అనుకుంటే ఏమవుతుందో సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో ప్రపంచం చూసింది. 1990ల్లో రష్యా, ఉక్రెయిన్, మధ్య ఆసియా దేశాల్లో కంఠసర్పి విరుచుకుపడి 1,57,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 5,000 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు దశాబ్దాల పాటు జబ్బు కనబడక అనేక దేశాల్లో ల్యాబ్‌లు ఈ పని మర్చిపోయాయి. మెరుగుపెట్టిన ఎలెక్ పరీక్షను లండన్ శాస్త్రవేత్తలు ఉక్రెయిన్, రష్యా సహచరులతో కలిసి 1997లో ప్రకటించింది ఆ మహమ్మారి నేపథ్యంలోనే. డబ్బుకు కటకటగా ఉన్న ల్యాబ్‌లలో పనికొచ్చేలా ప్లేటును చిన్నది చేశారు, ఎదురుచూసే సమయాన్ని తగ్గించారు.

చవక సరంజామాతో బాక్టీరియా విషాన్ని పట్టడంలో మన దేశం ఎవరి వెనకా లేదు. కలరా బాక్టీరియాను రాబర్ట్ కాక్ 1884లోనే గుర్తించినా, అది మనిషిని ఎలా చంపుతుందన్నది డెబ్బై అయిదేళ్లు తేలలేదు. కలకత్తాలో శంభునాథ్ దే కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని దారంతో రెండువైపులా కట్టి, అందులోకి బాక్టీరియా లేకుండా వడగట్టిన కలరా కల్చర్ ద్రవం ఎక్కించాడు. పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. కలరా అంటే పేగులో పనిచేసే విషమని 1959లో ఆయన నేచర్ పత్రికలో రాశాడు. దారం, కుందేలు, ఫిల్టరు, నిశితమైన చూపు. అంతకుమించి పెద్ద పరికరాలేమీ లేవు. బతికుండగా మన దేశం ఆయనకు తగినంత గుర్తింపు ఇవ్వలేదన్నది బాధపడాల్సిన విషయం.

కంఠసర్పి ఒక్కదానికే ఇలాంటి పరీక్ష ఉందని కాదు. గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రీడియం విషాన్ని కోడిగుడ్డు పచ్చసొన కలిపిన ప్లేటు మీద పట్టొచ్చు. సగం ప్లేటుకు విరుగుడు రాస్తారు. ఆ సగంలో ఏమీ ఉండదు, రెండో సగంలో బాక్టీరియా చుట్టూ తెల్లటి మసక కమ్ముతుంది. హాస్టళ్లలో వాంతులకు తరచూ కారణమయ్యే స్టాఫిలోకాకస్ విషం మరిగించినా చావదు. మిగిలిన కూరను మళ్లీ పొయ్యి మీద పెట్టి వేడిచేస్తే బాక్టీరియా పోవచ్చు గానీ విషం మిగిలే ఉంటుంది. దాన్ని లాటెక్స్ పూసల పరీక్షతో కంటికి కనబడేలా తేల్చొచ్చు. ఈ కిట్లు ఎలెక్ అంత చవక కావు. అయినా గురుకులాల పిల్లలు ఆసుపత్రి పాలైన ప్రతిసారీ ఆ కూరలో ఏముందో తేల్చకుండా వంటమనిషిని మార్చి ఊరుకోవడం కన్నా ఎంతో మేలు.

ఇక అసలు మనవి. మీ రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఎన్నో ఉన్నాయి. తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాకూ ఒకటి వచ్చింది. మైక్రోబయాలజీ విభాగం లేని కళాశాల లేదు. ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, పెట్రీ ప్లేట్లు అక్కడ ఉండాల్సినవే. ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థీ ఎలెక్ పరీక్ష గురించి చదువుతాడు, పరీక్షలో బొమ్మ గీస్తాడు. కాబట్టి కొత్తగా భవనాలు అక్కర్లేదు. ప్రతి కళాశాలా ఈ పరీక్ష చేయాలని కూడా ఎవరూ అడగడం లేదు. అప్పుడప్పుడు చేస్తే చెయ్యి తిరగదు. ఒక్కో రాష్ట్రంలో రెండో మూడో ల్యాబ్‌లకు ఈ బాధ్యత అప్పజెప్పి, వాటి పేర్లూ స్వాబులు తీసుకునే వేళలూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉండేలా చూడండి. మిగతా కళాశాలలు టెల్యురైట్ మీడియం మీద కల్చర్ చేసి, నల్లటి కాలనీలు వస్తే వాటిని ఆ ల్యాబ్‌లకు పంపితే చాలు.

స్వాబ్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ తరచూ పని చెడేది అక్కడే. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, పొర అంచు ఎత్తి దాని కిందనుంచి స్వాబ్ తీయాలి. మొదటి ఇంజెక్షన్ పడ్డాక తీసిన స్వాబులో బాక్టీరియా పెరగకపోవచ్చు, అప్పుడు ల్యాబ్ ఇచ్చే నెగెటివ్‌కు విలువ లేదు. దూరాల గురించి బెంగ అక్కర్లేదు. కంఠసర్పి బాక్టీరియా ఎండను కాకపోయినా పొడిదనాన్ని బాగా తట్టుకుంటుంది. సిలికా జెల్ పొట్లంలో పెట్టిన స్వాబు ఏజెన్సీ ఊళ్ల నుంచి బస్సులో వచ్చినా పనికొస్తుంది. రక్త నమూనాలను ఆరోగ్య కేంద్రాల నుంచి ల్యాబ్‌లకు మోసే బండ్లు మీకు ఉన్నాయి. వాటిలో ఈ పొట్లానికి చోటిస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం యాంటీటాక్సిన్. రోగికి ఇచ్చే మోతాదు 20,000 యూనిట్ల నుంచి లక్ష యూనిట్ల దాకా ఉంటుంది. ఎలెక్ బిళ్లకు కావలసింది పది యూనిట్లు. అంటే పదివేల యూనిట్ల వయల్ ఒక్కటి లెక్క ప్రకారం వెయ్యి బిళ్లలకు సరిపోతుంది. గుర్రపు సీరంతో యాంటీటాక్సిన్లు తయారుచేసే పరిశ్రమ మన దేశంలోనే ఉంది. రోగులకు ఇవ్వడానికి చేసిన సీరంలో వేరే యాంటీబాడీలు కలిసి ఉండి ప్లేటు మీద అక్కర్లేని గీతలు రావచ్చు కాబట్టి, ల్యాబ్ అవసరానికి శుద్ధి చేసిన సీరం ఇవ్వాలని తయారీదారులను కోరండి. ప్రతి బ్యాచ్‌నూ కంట్రోల్ బాక్టీరియాతో పరీక్షించాకే బిళ్లలుగా చేసి ల్యాబ్‌లకు పంపాలి. ఈ పని రాష్ట్రంలో ఒకేచోట జరిగితే ఖర్చూ తగ్గుతుంది, నాణ్యతా ఒక్కలా ఉంటుంది. రోగుల కోసం ఉంచిన నిల్వల్లోంచి మాత్రం ల్యాబ్‌ల కోసం తీయనివ్వకండి. వయల్ దొరక్క ఒక్క పిల్ల కూడా పోకూడదు.

ఆ ల్యాబ్‌లలో పనిచేసే టెక్నీషియన్ల ఉద్యోగాలు ఏడాదికోసారి రెన్యువల్ చేసే కాంట్రాక్టు మీద నడిస్తే ఈ ఏర్పాటంతా నిలవదు. గీతను గుర్తుపట్టే కన్ను తయారవడానికి సమయం పడుతుంది. తయారయ్యాక ఆ మనిషిని పోగొట్టుకోవడం అవివేకం. ఏడాదికి రెండుసార్లు పేరు చెప్పకుండా కొన్ని బాక్టీరియా నమూనాలు పంపి, ల్యాబ్‌లు ఏం చెబుతున్నాయో సరిచూడండి. తప్పు చెప్పినవాళ్లను దండించకుండా మళ్లీ నేర్పించండి.

చివరిగా ఒక వినతి. వచ్చే శాసనసభ సమావేశాల్లోగా మీ రాష్ట్రంలో ఏ ల్యాబ్ ఈ పరీక్ష చేస్తోంది, గడిచిన ఏడాది ఎన్ని స్వాబులు వచ్చాయి, వాటిలో ఎన్ని విషం చేసేవిగా తేలాయి, ఫలితం ఎన్ని రోజుల్లో డాక్టరుకు చేరింది అన్న నాలుగు సంగతులూ జిల్లాలవారీగా మీ శాఖ వెబ్‌సైటులో పెట్టించండి. పిల్లల పేర్లు అక్కర్లేదు, ఊళ్ల పేర్లూ అక్కర్లేదు. పేజీ ఖాళీగా ఉన్న జిల్లా ఏదో తెలిస్తే, ముందుగా ఇంక్యుబేటర్ పక్కన మనిషిని ఎక్కడ నియమించాలో మీకే తెలుస్తుంది.